తెల్ల రిబ్బను

చావు కబురు విన్న గంటకే క్విరిన్ తన పెళ్ళినాటి నల్లకోటు తీసి దులిపాడు. పోయినవాడు వెండెలిన్. మ్యూనిక్ దగ్గరి ఆ కొండవూళ్ళో అన్ని పతకాలు తెచ్చుకున్న సైనికుడు ఇంకొకడు లేడు. క్విరిన్‌కి మాత్రం అతను చొక్కా గుండీ కుట్టుకోవడం చేతకాని స్నేహితుడు. ప్రపంచయుద్ధంలో, వెర్డున్ కందకాల్లో ఆ గుండీలన్నీ కుట్టిపెట్టింది క్విరినే.

సైనికుడు పోతే అతని పతకాలను మఖమల్ దిండు మీద గుచ్చి, శవపేటిక ముందు ఒకరు మోసుకెళ్ళాలి. మోసేవాడికి కూడా ఇనుప శిలువ పతకం ఉండి తీరాలి. క్విరిన్‌కి ఉంది. వెండెలిన్ దిండు తన చేతుల మీదే వెళ్ళాలని అతని ఆశ. స్నేహితుడికి ఇక చేయగలిగింది అదొక్కటే.

సాయంత్రం బీరు హోటల్లో మాజీ సైనికుల సంఘం కూర్చుంది. అధ్యక్షుడు హాగ్‌మయర్ చెడ్డవాడేం కాదు గానీ నిబంధనల పుస్తకం మింగిన మనిషి.

"నువ్వెలా మోస్తావయ్యా? నీది తెల్ల రిబ్బను కదా!" అన్నాడు.

తుపాకి పట్టి పోరాడినవాళ్ళ శిలువకి నల్ల రిబ్బను. వంటవాళ్ళకీ గుమస్తాలకీ అదే శిలువ, రిబ్బను మాత్రం తెలుపు. క్విరిన్ వెండెలిన్ దళానికి వంటవాడు.

"మోయనీండి సార్, చేతిలో గరిటె కూడా పెడదాం!" అన్నాడొకడు బల్ల చివర నుంచి.

అందరూ పగలబడి నవ్వారు. యుద్ధం అయి ఎనిమిదేళ్ళయినా వాళ్ళకి అతని పతకం 'సూపు శిలువే'. ఎప్పుడూ వాళ్ళతోపాటు నవ్వేసే క్విరిన్‌కి ఆరోజు నవ్వు రాలేదు.

"వాడు నా ప్రాణం సార్. ఈ ఒక్కసారికి..."

"నిబంధన నిబంధనేనయ్యా. పోయినవాడిదీ మోసేవాడిదీ ఒకే రంగు రిబ్బను ఉండాలి. నేను మోస్తాను."

మంచులో ఇంటికి నడుస్తుంటే అతనికి వెర్డున్ గుర్తొచ్చింది. మూడు రోజులుగా తిండి లేని దళం కోసం ఒక్కో చేత్తో ఒక్కో సూపు క్యాను పట్టుకుని, గుండ్ల వానలో, బురదలో నాలుగు కిలోమీటర్లు నడిచాడు. ఒక క్యానుకి తూటా తగిలితే ఆ చిల్లులో రొట్టెముక్క కుక్కాడు. కందకంలోకి జారగానే వెండెలిన్ మూత తీసి, "ఒరేయ్, ఇంకా వేడిగానే ఉందిరా!" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ రోజులు మళ్ళీ రాకూడదని క్విరిన్‌కి తెలుసు. అయినా ఆ గోధుమ సూపు వాసన, ఆ గొంతు ఒక్కసారి తిరిగొస్తే బాగుండుననిపించింది.

మర్నాడు ఉదయం హాగ్‌మయర్ తెల్ల చేతితొడుగులు వేసుకుని వెండెలిన్ ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు. క్విరిన్ అందరి వెనకాల గోడవార నిలబడ్డాడు. వెండెలిన్ భార్య జెంజి దిండు పట్టుకుని బయటికొచ్చింది. బంగారు శౌర్య పతకం, గాయాల బిళ్ళ, మధ్యలో ఇనుప శిలువ. ఆ శిలువకి తెల్ల రిబ్బను!

హాగ్‌మయర్ ముఖం కందగడ్డయింది. "ఏమిటమ్మా ఇది? ఆయనది నల్ల రిబ్బను!"

"మీరు క్విరిన్‌ని మోయనివ్వరని ఆయనకి ముందే తెలుసు. పోయిన నెల మ్యూనిక్ నుంచి ఈ రిబ్బను తెప్పించుకున్నారు. 'ఆ సూపే రాకపోతే నాకీ పతకాలెక్కడివి, వాడి రిబ్బనే నా రిబ్బను' అన్నారు. ఇప్పుడు చెప్పండి సార్, తెల్ల రిబ్బను దిండుని మీ నల్ల రిబ్బను మోస్తుందా?"

హాగ్‌మయర్ మింగిన నిబంధనల పుస్తకంలో ఇది లేదు. అతను మెల్లగా చేతితొడుగులు విప్పి క్విరిన్‌కిచ్చాడు.

జెంజి దిండుని క్విరిన్ చేతుల్లో పెట్టింది. దగ్గరగా చూస్తే రిబ్బను కుట్లు అడ్డదిడ్డంగా ఉన్నాయి. ఒకచోట దారం ముడిపడి ఉంది.

"ఇది నువ్వు కుట్టలేదు కదా వదినా?"

"నేను కుడతానంటే సూది ఇస్తేగా! రెండు రోజులు కూర్చుని, వేళ్ళు పొడుచుకుని మరీ ఆయనే కుట్టుకున్నారు."

క్విరిన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చేతులు ఖాళీగా లేవు, తుడుచుకోలేదు. చర్చి గంట మోగింది. జారుడు మంచు మీద అడుగులో అడుగు వేస్తూ, సూపు ఒలికిపోకుండా మోసినట్టే, అతను పేటిక ముందు నడిచాడు.