పగులులో దిగిన సిరా

పాత సినిమా తారల సంతకాలు కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ ఆవిడను భూతద్దం అక్కయ్య అనేవారు. సంతకం అసలుదో నకిలీదో తేల్చి, ఎంత పలుకుతుందో చెప్పడం ఆవిడ పని. కంటికి భూతద్దం ఆనించిందంటే ఎదుటి మనిషి ఊపిరి బిగబట్టేవాడు. కొట్టు ముందు గదిలో ఆవిడ కూర్చునేది. వెనక గదిలో తమ్ముడు ఫొటోలకు ఫ్రేములు కట్టేవాడు.

ఒక మధ్యాహ్నం మహారాణి మేనల్లుడు వచ్చాడు. రాణి వేషాలు కట్టీ కట్టీ ఆ నటికి మహారాణి అన్న పేరే స్థిరపడిపోయింది. తెర వదిలి ఏళ్ళు గడిచాయి. పక్షవాతంతో కుడిచేయి పడిపోయిందని ఈ మేనల్లుడే పత్రికలవాళ్ళకు చెప్పాడు. అప్పటినుంచి బయటివాళ్ళెవరూ ఆమెను చూడలేదు.

నున్నగా దువ్విన తల, ఇస్త్రీ నలగని చొక్కా, మెత్తటి మాట. కవరులోంచి ఫొటోలు తీసి బల్ల మీద పరిచాడు.

"అత్తయ్య బాగున్న రోజుల్లో పెట్టినవండీ. పెట్టె అడుగున దొరికాయి. అసలువేనని మీరో కాగితం రాసిస్తే చాలు."

"ఇక్కడ పెట్టి వెళ్ళండి. నిదానంగా చూడాలి" అంది అక్కయ్య.

అతను వెళ్ళాక భూతద్దం తీసింది. సంతకం మహారాణిదే. చివరి గీతను గాలిలోకి ఎగరేసినట్టు వదిలే ఆ ఒడుపు ఇంకొకరికి రాదు. కాని ఒక ఫొటో మూల మడతపడి పగిలి ఉంది. సిరా ఆ పగులులోకి దిగి కాళ్ళున్న పురుగులా పాకింది. అంటే ఫొటో పాతబడి పగిలాక, ఈమధ్యే పెట్టిన సంతకమది. మిగతావి వరసగా చూసింది. ఎగరాల్సిన గీత ఒక్కో ఫొటోకీ కిందికి జారుతోంది. ఒకదానిలో అయితే కలం కాగితాన్నే చీరేసింది.

అక్కయ్య భూతద్దం కింద పెట్టింది. తమ్ముణ్ణి పిలిచింది.

"సంతకం ఆవిడదేనా?" అన్నాడు తమ్ముడు.

"ఆవిడదే."

"మరింకేం?"

"అదేరా నా భయం. పడిపోయిన చేత్తో ఎలా పెట్టింది?"

"కోలుకుందేమోలే. తేనెతుట్టె కదపడం మనకెందుకక్కా?"

"కోలుకుంటే ఆ మాట దాచడం ఎందుకు?"

మేనల్లుడు మళ్ళీ వచ్చినప్పుడు, ఉన్నవన్నీ చూస్తే తప్ప కాగితం రాయలేనంది. అతను ఇంటికి రమ్మన్నాడు.

పట్టపగలే అయినా ఆ ఇంట్లో కిటికీలన్నిటికీ తెరలు దించి ఉన్నాయి. పటాలు తీసేసిన గోడల మీద తెల్లటి చదరాలు మిగిలాయి. మేడ మెట్ల చివర తలుపుకు కొత్త గడియ ఉంది, అదీ బయటివైపు.

అక్కయ్య ఫొటోలు తిరగేస్తుండగా పైన ఏదో ఈడ్చిన చప్పుడైంది.

"అత్తయ్యగారా?"

"పిల్లి" అన్నాడు వెంటనే.

"ఒకసారి పలకరించి వెళ్తాను. ఆవిడ సినిమాలు చూసి పెరిగినదాన్ని."

"కొత్తవాళ్ళను చూస్తే బెదిరిపోతుందండీ." అతను కుర్చీ దగ్గరకు జరుపుకున్నాడు. "ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. అత్తయ్య కాలం చేస్తే వీటి విలువ పెరుగుతుందా?"

వాన పడుతుందా అని అడిగినంత మామూలుగా అడిగాడు. అక్కయ్య చేతిలో ఫొటో అలాగే ఆగిపోయింది. తార పోయిన మర్నాడే సంతకం ధరకు రెక్కలొస్తాయి. ఆ సంగతి ఎందరికో తనే చెప్పింది.

"పెరగదు, పడిపోతుంది" అంది.

"అదేంటి? అందరూ పెరుగుతుందంటారే!"

"పేరు మోగుతుండగా పోయినవాళ్ళ సంగతి అది. జనం మరిచిపోయినవాళ్ళు పోతే, ఇళ్ళల్లో దాచినవన్నీ ఒక్కసారిగా బజారున పడతాయి. కొనే దిక్కుండదు. ఆవిడ చల్లగా ఉన్నన్నాళ్ళే వీటికి గిరాకీ."

అతను ఆమె మొహంలోకే చూస్తూ లేచాడు. తలుపుకు అడ్డంగా నిలబడి, "మీరు నాకు అబద్ధం చెప్పరులెండి" అన్నాడు.

"చెప్పేదాన్నయితే పెరుగుతుందనే చెప్పేదాన్ని. నా కమిషనూ పెరిగేదిగా!" అంటూ నవ్వింది. అతనూ నవ్వి పక్కకు తప్పుకున్నాడు.

వీధి మలుపులో తమ్ముడు స్కూటరు మీద కాచుకుని ఉన్నాడు. కొట్లోని ఫొటోలు తీసుకుని ఇద్దరూ పోలీసు స్టేషనుకు వెళ్ళారు.

"సంతకం అసలుదేనని కేసు పెట్టమంటారా?" ఇన్‌స్పెక్టరు మొదట నవ్వేశాడు. అక్కయ్య భూతద్దం చేతికిచ్చింది. పగులు చూశాడు. జారిన గీతలు చూశాడు. కాగితం చిరిగిన చోట అతని నవ్వు ఆగింది.

"మా అమ్మకి ఈవిడంటే ప్రాణం" అంటూ టోపీ పెట్టుకున్నాడు.

సాయంత్రానికి ఆ గడియ ఊడదీశారు. లోపల మహారాణి, నడుముకు గుడ్డ చుట్టి కుర్చీకి కట్టేసి ఉంది. చేయి పడిపోలేదు, వేళ్ళకు సిరా మరకలున్నాయి. తన ముందు పెట్టిన ఫొటోలన్నిటి మీదా సంతకం చేస్తేనే ఆమెకు అన్నం. ఇన్‌స్పెక్టరు దగ్గరికి రాగానే ఆమె చూపు అతని జేబులో కలం మీద నిలిచింది. చేయి చాపింది.

"ఎన్ని పెట్టాలి బాబూ?"

అక్కయ్య ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "ఏమీ పెట్టొద్దమ్మా" అంది. మహారాణికి అర్థం కాలేదు. చేయి విడిపించుకోబోయింది.

కింద మేనల్లుడు మాత్రం మెత్తగానే మాట్లాడుతున్నాడు. "ఇవాళ పాలు కూడా ఇచ్చానండీ. కావాలంటే అత్తయ్యనే అడగండి."

అతన్ని జైల్లో పెట్టారు. మహారాణి ఆసుపత్రిలో కోలుకుని చెల్లెలి కూతురి ఇంటికి చేరింది. ఎవరైనా కలం తీస్తే మాత్రం చేతులు చీరకొంగులో దాచుకునేదట. ఆ గదిలో పెట్టించిన సంతకాల సంగతి పత్రికలన్నీ రాశాయి.

అది అచ్చయిన వారంలోనే కొట్టుకు ఒక పెద్దమనిషి వచ్చాడు.

"ఆ గదిలో పెట్టించినవి మీ దగ్గరున్నాయటగా?"

"పోలీసుల దగ్గరున్నాయి."

"ఒక్కటైనా మిగల్లేదా? చేయి వణికినదైతే ఎంతైనా ఇస్తాను. ఆ చిరిగినదైతే మరీ మంచిది."

వెనక గదిలోంచి తమ్ముడు సుత్తి పట్టుకునే బయటికొచ్చాడు. పెద్దమనిషి కోపం తెచ్చుకోలేదు. చిరునామా కార్డు బల్ల మీద పెట్టి, నమస్కారం పెట్టి లేచాడు. అప్పటికే గుమ్మంలో నిలబడి ఉన్న మరొకతను పక్కకు జరిగి అతనికి దారిచ్చి, తన కార్డూ తీస్తూ లోపలికి అడుగుపెట్టాడు.