అడిగితే చేసేవాణ్ణిగా

ఉల్లిపాయ సగం తరిగి ఉండగా ముందుగదిలోంచి ఆమెకి తన ప్రసక్తి వినిపించింది. పేరుతో కాదు, ఉదాహరణగా.

"రెండు రకాల ప్రోగ్రామింగ్ భాషలున్నాయి. ఒకటి ఈగర్. లెక్క కనపడగానే చేసేస్తుంది, జవాబు ఎవరికైనా కావాలా వద్దా అని చూడదు. రెండోది లేజీ. ఎవరో ఒకరు జవాబు అడిగేదాకా లెక్క ముట్టుకోదు. మా ఇంట్లోనే చూడండి. మా ఆవిడ ఈగర్. అడక్కుండానే కాఫీ పెట్టేస్తుంది, నాకు తాగాలని లేకపోయినా సరే. నేను లేజీ. అవసరం పడితేనే కదులుతాను. ఇద్దరిలో ఎవరు తెలివైనవాళ్ళో మీరే చెప్పండి."

కంపెనీలో కొత్తగా చేరినవాళ్ళకి అతను ఇంటినుంచే పాఠం చెప్తాడు. లాప్‌టాప్‌లోంచి వాళ్ళ నవ్వులు వంటింటిదాకా వచ్చాయి. పాఠం నడిచినంతసేపూ కుక్కర్ కూత వెయ్యకూడదు, మిక్సీ తిరగకూడదు, కుళాయి సన్నగా తిప్పుకోవాలి. ఇంటి చప్పుడు పాఠానికి అడ్డు. ఇల్లు మాత్రం ఉదాహరణకి పనికొస్తుంది. కాఫీ సంగతి కూడా అతను సగమే చెప్పాడు. అడిగేదాకా ఆగిన రోజున "ఇప్పుడు పెడతావా, ఇంతసేపు ఏం చేస్తున్నట్టు" అన్నదెవరో చెప్పలేదు.

ఆ లేజీ పద్ధతంటే ఆమెకి చిన్నచూపేమీ లేదు. పిల్ల పుట్టేదాకా తనూ ప్రోగ్రాములు రాసే జీతం తెచ్చుకుంది. అక్కర్లేని లెక్క చెయ్యకపోవడంలో ఒక అందం ఉందని అప్పట్లో తనే నలుగురికీ చెప్పేది. ఆ అందం ఇంట్లో కాపురం పెట్టాకే దాని గుణం తెలిసింది. బాత్రూంలో బల్బు మాడిపోయి ఇంటిల్లిపాదీ గోడలు తడుముకుంటుంటే "అడిగితే మార్చేవాణ్ణిగా" అంటాడు. అడిగితే "రేపు గుర్తు చెయ్యి" అంటాడు. గుర్తు చేస్తే "ఎన్నిసార్లు చెప్తావ్, నాకు తెలీదా" అంటాడు. అత్తగారిది ఇంకో పాట. "మావాడు చిన్నప్పట్నుంచీ నిదానమమ్మా, తొందరపడి ఏ పనీ చెయ్యడు." తాబేలూ నిదానమే. కాకపోతే దాని ఇల్లు అదే మోసుకుంటుంది.

పోయిన వారం ఆమె పాత ఆఫీసునుంచి ఫోన్ వచ్చింది. అప్పట్లో పైఅధికారిణి, అందరూ అక్కా అని పిలిచే మనిషి. "సోమవారం చేరగలవా? శుక్రవారం సాయంత్రంలోగా చెప్పవే, అంతకంటే ఆపలేను" అంది. ఇవాళ శుక్రవారం. ఫోన్ వచ్చిన రోజే భర్తకి చెప్తే, ఫోన్లోంచి తల ఎత్తకుండా "చూద్దాంలే" అన్నాడు. ఇదివరకు వచ్చిన పిలుపు కూడా ఆ మాటలో పడే చల్లారిపోయింది. అప్పుడామె నమ్మింది. చూద్దాంలే అన్న మనిషి ఎక్కడో ఒకచోట చూస్తూనే ఉంటాడని, ఒకరోజు కాఫీ తాగుతూ తనంతట తనే ఆ కబురు ఎత్తుతాడని.

ముందుగదిలో ఒక ఆడపిల్ల గొంతు అడిగింది. "సార్, చెయ్యకుండా వాయిదా వేసిన లెక్కలన్నీ ఎక్కడుంటాయి సార్?"

"మెమరీలో."

"మరి అవి పేరుకుపోతే?"

"పోతాయి. ఒక్కోసారి ప్రోగ్రామ్ కూలిపోతుంది కూడా. కానీ అదంతా మీరు పట్టించుకోనక్కర్లేదమ్మా. సిస్టమ్ చూసుకుంటుంది."

కత్తి ఆగింది. ఎంత ఆప్యాయంగా చెప్పాడు. అత్తగారి బీపీ మాత్రలు రేపటితో అయిపోతాయి. పిల్ల బూట్లు బిగుతయ్యాయి. అతని చెల్లెలికి ఆపరేషనయింది, పలకరించాలి. పలకరించాల్సింది అతను, గుర్తుపెట్టుకోవాల్సింది తను. అతను చెయ్యని పని ఒక్కటీ గాల్లో కలిసిపోలేదు. అన్నీ వచ్చి ఆమె తలలోనే మకాం పెట్టాయి, అద్దె కట్టని చుట్టాల్లాగా. అందుకే అతని మొహం అంత ప్రశాంతంగా ఉంటుంది, అందుకే చూసినవాళ్ళంతా "మీ ఆయన ఎంత నెమ్మదస్తుడండీ" అంటారు. వాయిదా వేసినదాని లోపల జవాబుందో తప్పుందో విప్పేదాకా ఎవరికీ తెలియదు. అప్పటిదాకా ప్రోగ్రామ్ చక్కగా నడుస్తున్నట్టే కనిపిస్తుంది. ఆ మాట ఆమె ఎప్పుడో నేర్చుకున్నదే. ఇంట్లో ఎప్పుడూ వాడలేదంతే.

ఉల్లిపాయ మీద పళ్ళెం మూసి, చెయ్యి కడుక్కుని, బాల్కనీలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. ఫోన్లో ఎక్కువసేపు మాట్లాడలేదు. తిరిగొచ్చి మిగిలిన సగం తరిగింది.

పాఠం ముగించి అతను వంటింట్లోకి వచ్చాడు. "కాఫీ పెట్టలేదా?"

"మీరు అడగలేదుగా."

అతను నవ్వాడు. "విన్నావా? సరదాకన్నానోయ్. పిల్లలకి బాగా ఎక్కింది."

"మీరు చూద్దాంలే అన్నారే, ఏం చూశారు? నాకిప్పుడు జవాబు కావాలి."

"దేని గురించి?"

ఆమె అందించలేదు. అతను వెతుక్కోవడం చూస్తూ నిలబడింది. "బల్బా? ఆదివారం మారుస్తానన్నాగా. అమ్మ కళ్ళద్దాలా?"

"నా ఉద్యోగం."

"ఆఁ, అదా." అతను గ్లాసులో నీళ్ళు పోసుకున్నాడు. "దానికంత తొందరేముంది? పిల్లనెవరు చూస్తారు, అమ్మనెవరు చూస్తారు, ఇవన్నీ ఉంటాయి కదా. వాళ్ళు మళ్ళీ అడిగినప్పుడు ఆలోచిద్దాం."

ఆమెకి కోపం రాలేదు. వస్తే కాస్త తేలికపడేది. ఇన్నాళ్ళూ ఆ 'చూద్దాంలే' లోపల 'వద్దు' ఉందేమోనని భయపడింది. అదీ లేదు. వద్దనడానికైనా మనిషి ఒక్క క్షణం ఆమె గురించి ఆలోచించి ఉండాలి.

"సోమవారం చేరుతున్నాను. ఇందాకే ఫోన్ చేసి చెప్పేశాను."

గ్లాసు అతని నోటిదాకా వెళ్ళి ఆగింది. "చెప్పేశావా? చెప్పేసి మళ్ళీ నన్నెందుకడిగావ్?"

"మీ చూద్దాంలేని ఇన్నాళ్ళూ మోశాను కదండీ" అంది ఆమె, పొయ్యి వెలిగిస్తూ. "పారేసేముందు లోపల ఏమైనా ఉందేమో చూశాను."