మర్యాదకు కాచిన నీళ్లు

నేను ఒక గాజు సీసాను. మందు సీసానని మాత్రం అనుకోకండి, నాకు ఒళ్లు మండుతుంది. పావు లీటరు పట్టే నమూనా సీసాను. కొలిమిలో పుట్టి, దుకాణం అరలో ఏడాదిపాటు దుమ్ము కొట్టుకుని, చివరికి నీళ్లు పరీక్షచేసే ల్యాబులో నస్రీన్ మేడం చేతికి చిక్కాను. ఆవిడ నన్ను కడిగినంత శ్రద్ధగా పెళ్లికూతురికి కూడా ఎవరూ స్నానం చేయించరు.

మా పని రేడాన్‌ను పట్టుకోవడం. రాతినేలల్లో బండ లోపలి నుంచి నీళ్లలోకి చేరే రేడియోధార్మిక వాయువు అది. రంగూ రుచీ వాసనా ఉండవు. ఏళ్ల తరబడి ఒంట్లోకి పోతే మంచిది కాదు. మూత తీసి ఉంచితే చాలు, చల్లగా జారుకుంటుంది. అందుకే నన్ను బుడగ కూడా లేకుండా అంచుదాకా నింపాలి.

ఒకసారి నన్ను బండలగూడెం అంగన్‌వాడీకి పంపారు. అక్కడి బోరింగు నీళ్లు పిల్లలు తాగవచ్చో లేదో తేల్చాలి. వంటచేసే ఆయమ్మ అండాలు నన్ను నింపి పంపింది. ల్యాబులో మిషను ‘అంతా బాగు’ అని తేల్చేసింది. నాకేమో అసలు సంగతి తెలుసు. చెబుదామంటే నోటికి మూత! అదృష్టం కొద్దీ నస్రీన్ నన్ను కడగబోతూ ముక్కు దగ్గర పెట్టుకుంది. జీలకర్ర వాసన! మర్నాడే జీపులో నన్ను వెంటేసుకుని బయల్దేరింది.

"పెద్ద సార్ల దగ్గరికి పోయే నీళ్లాయె, పచ్చివి ఎట్ల పంపుత మేడం? ఇంత జీలకర్రేసి కాగవెట్టి, గుడ్డతోని వడగట్టిన" అంది అండాలు, మెచ్చుకుంటారేమోనని చూస్తూ.

నస్రీన్ నవ్వాపుకుంది. ఎంత మర్యాదస్తులండీ ఈ మనుషులు! పరీక్షకిచ్చే నీళ్లకు కూడా చుట్టపు మర్యాదలే.

ఈసారి నస్రీనే దగ్గరుండి బోరింగు కొట్టించి నన్ను నింపుకుంది. జీపులోని చిన్న మిషను అరగంట గురగురలాడి ఒక అంకె చూపించింది. ఆవిడ ముఖంలో నవ్వు పోయింది. ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు.

"ఈ బోరింగు ఆపించాలి అండాలూ. భయపడకు, కాస్తే ఆ వాయువు చాలావరకు పోతుంది. పిల్లలకు కూడా కాచే పోస్తున్నావు కదా?"

అండాలు చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. లోపల అన్నాల వేళ. పిల్లలు పళ్లేలూ గ్లాసులూ ముందు పెట్టుకుని కూర్చున్నారు.

"సార్లకని కాగవెట్టిన మేడం. పిల్లలకు ఆరేండ్ల సంది పచ్చి నీళ్లే పోస్తున్న."

అండాలు లోపలికి పరుగెత్తి, ఒక్కో గ్లాసూ లాక్కుని వాకిట్లో పారబోసింది. చివర కూర్చున్న పిల్ల అప్పటికే తాగేసి, ఖాళీ గ్లాసు చాచింది.

"ఆయమ్మా, ఇంకిన్ని పొయ్యవా?"