మందు పడదన్న మాట

ఆ వడ్రంగి మా ఆఫీసుకు రావడం అది మూడోసారి. రిసెప్షన్ బెంచీ మీంచి లేచి, నన్ను మళ్ళీ అదే అడిగాడు.

"ఆ ఇంజెక్షన్ మా ఆవిడకి పడదని నర్సమ్మకి చెప్పానమ్మా. నా కళ్ళముందే కంప్యూటర్లో కొట్టింది. మందుల గదికి ఆ కబురే రాలేదంటున్నారు. నేనే చెప్పడం మర్చిపోయుంటానని మా అమ్మాయి నాతో మాట మానేసింది. వాళ్ళమ్మను నేనే పొట్టన పెట్టుకున్నానంటోంది. నేను చెప్పానా, లేదా?"

చెప్పాడు. ఆ సంగతి ఆయనతో అనొద్దని మా మేనేజర్ ఆర్డరు.

ఆస్పత్రి వార్డు నుంచి మందుల గదికి వెళ్ళే మెసేజ్‌ల సాఫ్ట్‌వేర్ మాది. ఆ మెసేజ్‌లు ఎక్స్‌ఎంఎల్ అనే కంప్యూటర్ పద్ధతిలో ఉండాలి. రాసేది మేం కాదు, టూల్‌కిట్ అనే రెడీమేడ్ ప్రోగ్రాం. మేం గడులు నింపితే చాలు, ఉత్తరం రాసి, అంటించి, అదే పంపేస్తుంది. లోపల ఏం రాసిందో ఎవరూ విప్పి చూడరు. మా టీమ్‌లో ఒక్కడు మాత్రం కొత్త స్క్రీన్ తయారైనప్పుడల్లా అది పంపే మెసేజ్ తెరిచి వరుసవరుసా చదివేవాడు. వాడికి భూతద్దం అని పేరు పెట్టాం. "అది నీకంటే బాగానే రాస్తుంది నాయనా, ఈ నత్తనడక ఆపు" అని అందరి ముందూ కసిరి మాన్పించింది నేనే.

'మందు పడదు' అనే గడి ఉన్న స్క్రీన్ నేను రాసిందే. టూల్‌కిట్ ఇచ్చిన కోడ్‌లో దాని పక్కన ఇంకో చిన్న గడి ఉంటుంది, 'ఇది నింపాను' అని. అక్కడ కూడా అవుననకపోతే, టూల్‌కిట్ ఆ 'మందు పడదు' వరుసను మెసేజ్‌లో వెయ్యదు. వెయ్యలేదని చెప్పదు కూడా. నేను ఆ రెండో గడి మరిచాను. ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టెయ్యమన్నట్టు, స్క్రీన్ మీద 'అవును' కనిపిస్తే వెళ్ళిపోయిందనుకున్నాను. అవతల మందుల గదిలో, వరుస రాలేదంటే ఏ మందైనా ఇవ్వొచ్చని లెక్క. ఆ ఇంజెక్షనే ఇచ్చారు, వడ్రంగి భార్య మూడో రోజు పోయింది.

చేతులు కాలాక భూతద్దాన్నే పిలిచాం. పది నిమిషాల్లో పట్టుకున్నాడు. నన్ను తిట్టినా బాగుండేది.

"చెప్పారు," అన్నాను వడ్రంగితో. "నర్సు కొట్టింది కూడా. మా సాఫ్ట్‌వేర్ పంపలేదు. తప్పు నాది."

ఆయన జేబులోంచి కొలతలు రాసుకునే పుస్తకమూ పెన్సిలూ తీసి ఇచ్చాడు. "రాసివ్వండి. నా మాట మా అమ్మాయి నమ్మదు."

గాజు తలుపు అవతల నుంచి మేనేజర్ వద్దని చెయ్యి ఊపుతున్నాడు. నేను రాశాను. సంతకం పెట్టాను. ఆయన పెదవులు కదుపుతూ అంతా చదివాడు.

"దీనివల్ల మీ ఉద్యోగం పోతుందా?"

"పోతుంది."

"పోనివ్వండి," అన్నాడు, కోపం లేకుండానే. పుస్తకం జేబులో పెట్టుకుని, అమ్మాయి దగ్గరికి బయలుదేరాడు.