బారోడేల్ వానలో సోలార్ బండి

క్లెమెంట్ ఆర్మరాడ్ ప్రెస్టన్‌లోని ఒక హైస్కూల్లో ముప్ఫై ఏళ్లకు పైగా భూగోళం చెప్పాడు. అందులోనూ వాన పాఠం చెప్పడమంటే ఆయనకు మహా సరదా. సముద్రం మీంచి వచ్చే తడిగాలి లేక్ డిస్ట్రిక్ట్ కొండలకు తగిలి పైకి లేస్తుంది, చల్లబడుతుంది, కురుస్తుంది. బోర్డు మీద కొండ గీసి, దాని నెత్తిన మబ్బు గీసి, “ఇంగ్లండులో అన్నిటికంటే ఎక్కువ వాన పడే లోయ ఏది?” అని అడిగేవాడు. పిల్లలు ఆవలిస్తూ “బారోడేల్, సర్” అనేవాళ్లు. అలాంటి మనిషి రిటైరై, లోపలే వండుకుని పడుకునే కొత్త క్యాంపర్ వ్యాన్ కొని, దాని కరెంటు అవసరాలకు పైకప్పు మీద సోలార్ పలక ఒక్కటి చాలునని తేల్చి, మొట్టమొదటి ప్రయాణానికి బారోడేల్ వెళ్లాడు. తర్వాత ఈ కథ ఎవరికి చెప్పినా ఆయన ఈ చోట కాసేపు ఆగేవాడు, వినేవాళ్లు తనివితీరా నవ్వుకోవడానికి.

బండి కొన్న రోజున షోరూమ్ మనిషి ఓపిగ్గానే చెప్పాడు.

“క్యాంప్‌సైట్లో బండి నిలిపే చోట కరెంటు గుంజ ఉంటుందండీ. బండి పక్కన ఈ మూత ఉన్న ప్లగ్గు పెట్టించుకున్నారనుకోండి, కేబుల్ తెచ్చి గుంజకి తగిలించడమే. కెటిల్, హీటర్, బ్యాటరీ చార్జింగు, అంతా ఇంట్లో ఉన్నట్టే. అది వద్దంటే పైన సోలార్. బండి నడుస్తుంటే ఇంజను కూడా బ్యాటరీకి కొంత ఎక్కిస్తుంది. చాలామంది అన్నీ పెట్టించేసుకుంటారు.”

“చాలామంది,” అన్నాడు క్లెమెంట్, కూరలోంచి గొంగళిపురుగును తీసి పక్కన పెడుతున్నట్టు.

అప్పటికి కొన్ని వారాలుగా ఆయన వీడియోలు చూస్తున్నాడు. గడ్డాలు పెంచిన మగవాళ్లు, చెప్పుల్లేని ఆడవాళ్లు, ఎవరి తీగకూ కట్టుబడకుండా, ఎండను తాగి బతికే బళ్లలో దేశాలు తిరుగుతున్నారు. వాళ్లంతా స్పెయిన్‌లోనో మొరాకోలోనో ఉన్నారన్న సంగతి భూగోళం మాస్టారికి తట్టలేదు.

“గుంజకి కట్టేసిన ఆవులా పడుండటానికా బండి కొంటున్నాం? మాకు ఆ ప్లగ్గూ కేబులూ వద్దు. సోలార్ చాలు.”

పక్కనే కూర్చున్న ఆయన భార్య ఆవ్రిల్ నోరు తెరిచింది. “క్లెమ్, మరి నీ…”

“అది నేను చూసుకుంటాలే,” అని ఆమె మాటను అక్కడికక్కడే తుంచేశాడు.

ఆవ్రిల్ అనబోయింది గురక మిషను గురించి. క్లెమెంట్‌కి నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు ఉంది. డాక్టరు ఇచ్చిన మిషను పక్కన పెట్టుకుని, ముక్కుకు తొడుగు బిగించుకుంటే అది రాత్రంతా గాలి ఊదుతుంది. తొడుగు పెట్టుకుంటే తను కాలం చెల్లిన యుద్ధ విమానం నడిపేవాడిలా ఉంటానని ఆయనకు తెలుసు. అందుకే ఆ మిషను సంగతి చెల్లెలికి చెప్పలేదు, స్నేహితులకు చెప్పలేదు. షోరూమ్‌లో ముక్కూమొహం తెలియని వాడి ముందు చెప్పడం అసలే కుదరదు. బండి బ్యాటరీతో దాన్ని నడిపే వైరొకటి చడీచప్పుడు లేకుండా తెప్పించుకున్నాడు. సమస్య తీరిపోయిందనుకున్నాడు.

బారోడేల్‌లో ఫియరన్ వాళ్ల గొర్రెల ఫారంలో క్యాంప్‌సైట్ ఉంది. ముసలావిడ మిసెస్ ఫియరన్ రబ్బరు బూట్లతో గేటు దగ్గరికి వచ్చింది.

“కరెంటు చోటా, కరెంటు లేని చోటా అబ్బాయ్?” అంది. అరవై దాటినవాళ్లు కూడా ఆవిడకి అబ్బాయిలే.

“కరెంటు అక్కర్లేదండీ. మాకు సోలార్ ఉంది.”

ఆవిడ బండి పైకప్పు వైపు చూసింది. తర్వాత కొండల మీద కూర్చున్న మబ్బు వైపు చూసింది. “ఇక్కడా?”

“రెండు రోజులు కాస్త వెలుతురు పడితే చాలండీ, వారానికి సరిపోతుంది.”

“రెండు రోజుల వెలుతురు! మా ఆయన దాన్ని ఎండాకాలం అంటాడు,” అంటూ ఆవిడ గేటు తీసింది.

మొదటి రాత్రి అంతా బాగానే గడిచింది. దార్లో ఇంజను ఎక్కించిన కరెంటు ఉంది మరి. మర్నాడు వాన మొదలైంది. అది పడుతున్నట్టు కూడా లేదు, లోయలోకి కాపురానికి వచ్చినట్టు ఉంది. చిన్న ఫ్రిజ్ నడుస్తూనే ఉంది, లైట్లు పొద్దున్నించీ వెలుగుతూనే ఉన్నాయి. మబ్బు పట్టినా సోలార్ పలక ఎంతో కొంత పనిచేస్తుందని క్లెమెంట్ ఆవ్రిల్‌కి బొమ్మ గీసి మరీ వివరించాడు. ఆమె స్వెట్టర్ అల్లుకుంటూ వింది. ఆ రాత్రి ఏదో ఒక వేళ, ఇంజనుది కాక లోపలి సామాన్ల కోసం విడిగా ఉన్న బ్యాటరీ ప్రాణం వదిలింది, దాంతో పాటే మిషనూ ఆగింది.

క్లెమెంట్‌కి మాత్రం ఏమీ తెలియదు. పొద్దున్న మహా హుషారుగా లేచాడు. భుజాన తువ్వాలు వేసుకుని గొట్టాల గదికి, అంటే అందరూ మొహాలు కడుక్కునే చోటికి, పోయి “శుభోదయం!” అన్నాడు. పక్క బండిలో ఉండే మిసెస్ స్కేఫ్ కళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి. ఆవిడ కుక్క సింకు కింద కూలబడి నిద్రపోతోంది.

“రాత్రి ఆ చప్పుడు విన్నారా?” అంది ఆవిడ.

“వినకపోవడమా!” అన్నాడు గడ్డం గీసుకుంటున్న ఒకాయన. “వరదకి బండలు దొర్లుతున్నాయనుకుని మేం సామాను సర్దేసుకున్నాం. మా ఆవిడ పిల్లలకి బూట్లు కూడా తొడిగేసింది.”

“బండలు కాదండీ. మధ్యలో ఆగేది. హమ్మయ్య అనుకునేలోగా మళ్లీ అందుకునేది.”

క్లెమెంట్ నోట్లో బ్రష్షు ఆగిపోయింది. ఏం జరిగిందో ఆ క్షణమే అర్థమైంది. బుద్ధున్నవాడైతే క్షమించమని అక్కడే అడిగేవాడు. ఆయన నురగ ఉమ్మేసి, నింపాదిగా, “అవునండీ, నేనూ విన్నాను. ఎద్దనుకుంటా. ఫారం వాళ్ల ఎద్దు,” అన్నాడు.

అని ఊరుకున్నా బాగుండేది. కానీ ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పిన నోరది. రాత్రిళ్లు గాలిలో తేమ పెరిగినప్పుడు, లోయల్లో పశువుల అరుపు ఎందుకంత దూరం వినపడుతుందో కూడా వాళ్లకు వివరించాడు. వాళ్లు శ్రద్ధగా విన్నారు. గడ్డం గీసుకునే ఆయన తలూపాడు కూడా.

బండి దగ్గరికి వచ్చేసరికి ఆవ్రిల్ డ్రైవరు సీట్లో దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. గొట్టాల గది కిటికీ తెరిచే ఉంది. అక్కడి మాటలన్నీ ఆమెకు వినపడ్డాయి.

“ఎద్దా?” అంది. “నిజంగా ఎద్దా, క్లెమ్?”

“నోటికి అదొచ్చింది.”

ఆవ్రిల్ నవ్వడం మొదలుపెట్టింది. స్టీరింగు మీద తల ఆనించి, హారన్ మోగేదాకా నవ్వింది. క్లెమెంట్ కూడా నవ్వాడు. అంతలో ఆమె తల ఎత్తింది. మొహంలో నవ్వు లేదు.

“పడుకున్నావు కదా హాయిగా. నేను కన్ను మూయలేదు తెలుసా? గురకకి కాదు. అది ఆగినప్పుడల్లా నా పై ప్రాణాలు పైనే పోయాయి. మళ్లీ ఎప్పుడు అందుకుంటావా అని వింటూ కూర్చున్నా. అందుకోకపోతే తన్నేదాన్ని. నీ మోకాలు నొప్పిగా లేదూ?”

మోకాలు నొప్పిగానే ఉంది. పరుపు సరిగ్గా లేక అనుకున్నాడు.

“లేపొచ్చుగా…”

“లేపితే ఏం చేసేవాడివి? బొమ్మ గీసి చూపించేవాడివి. ఆ రోజు షోరూమ్‌లో అడగబోతే నోరు మూయించావు. గుంజకి కట్టేసిన ఆవు అన్నావు. గుంజకి కట్టేస్తే కట్టేశారు, ఆవు ఊపిరైనా పీలుస్తుంది కదయ్యా!”

క్లెమెంట్ మోకాలు రుద్దుకున్నాడు. ఏదో అనబోయేలోగా బయట మిసెస్ ఫియరన్ గొంతు వినపడింది.

“ఎవరా ఎద్దు అన్నది? మా ఎద్దుని మార్చిలోనే అమ్మేశాం!”

క్లెమెంట్ కిందికి దిగాడు. మిసెస్ స్కేఫ్ సామాను సర్దుకుంటోంది, ఇంక ఈ చోట ఒక్క రాత్రి కూడా ఉండనంటోంది. మిసెస్ ఫియరన్ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. వానలో గొడుగుల కింద మరో నలుగురు చేరారు. పారిపోదామన్నా బండి తాళాలు ఆవ్రిల్ దగ్గర ఉన్నాయి.

“ఎద్దుని నేనేనండీ,” అన్నాడు క్లెమెంట్.

ఎవరికీ అర్థం కాలేదు. ఆయన మళ్లీ బండెక్కి, మిషనూ తొడుగూ తెచ్చి, వానకి తడవకుండా కోటు కింద పట్టుకుని, అందరికీ చూపించాడు. దాన్ని ముక్కుకు పెట్టుకుని కూడా చూపించాడు. చెల్లెలికి చూపించడానికి సిగ్గుపడ్డ వస్తువది. ఎవరో పిల్ల పకపకా నవ్వింది. క్లెమెంట్‌కి వింతగా అనిపించింది, ఆ నవ్వుకి తన ప్రాణమేమీ పోలేదని.

“అంటే ఇందాక మీరు చెప్పిన ఆ గాలిలో తేమ, లోయలో పశువుల అరుపు…” అన్నాడు ఇందాక గడ్డం గీసుకున్న ఆయన.

“అది పాఠం వరకూ నిజమేనండీ,” అన్నాడు క్లెమెంట్.

మిసెస్ స్కేఫ్ మడుస్తున్న కుర్చీని మళ్లీ తెరిచి దానిలో కూర్చుంది. “మా ఆయనకీ ఇలాంటిదే ఇచ్చారు,” అంది మెల్లగా. “నామోషీ అని అల్మరాలో పెట్టేశాడు. ఎంత చెప్పినా వినలేదు.” ఆ తర్వాత ఏమైందో ఆవిడ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. కటువుగా అంది: “మీ ఆవిడకి చెప్పండి, మళ్లీ ఆగితే గట్టిగా తన్నమనండి.”

క్లెమెంట్ మిసెస్ ఫియరన్ వైపు తిరిగాడు. “మాకు కరెంటు ఉన్న చోటు ఇస్తారా?”

“ఇస్తా అబ్బాయ్, దానికేం. తగిలించుకోవడానికి నీ బండికి ప్లగ్గేదీ?”

నిజమే. గుంజలు వరసగా నిలబడి ఉన్నాయి, ఒక్కోదాని మీదా చిన్న లైటు వెలుగుతోంది. వాటిలో ఏదీ ఆయనకు పనికిరాదు. కిటికీలోంచి మామూలు వైరు లాగుదామంటే ముసలావిడ ఒప్పుకోలేదు. “ఈ వానలోనా? గురకతో పోనివాడివి షాకుతో పోతావు. గొర్రెలు ఈనే షెడ్డు ఖాళీగా ఉంది. గొర్రెపిల్లలకి వెచ్చటి దీపం పెట్టే ప్లగ్గు ఉంది అక్కడ. పొడి గడ్డి వేయిస్తా. పడుకుంటావా?”

మిగిలిన రాత్రులన్నీ క్లెమెంట్ ఆర్మరాడ్, భూగోళం మాస్టారు, సొంత కొత్త బండి ఉండగా, గొర్రెల షెడ్డులో పడుకున్నాడు. ఎండను తాగి బతుకుదామనుకున్న మనిషి గొర్రెపిల్ల ప్లగ్గు మీద బతికాడు. ఫారం కుక్క ఒకటి వచ్చి ఆయన కాళ్ల మీద పడుకునేది. ఆవ్రిల్ బండిలో పరుపంతా తనదే కాబట్టి అడ్డంగా పడుకుని, పొద్దెక్కేదాకా లేచేది కాదు. టీ వేళకి అందరూ షెడ్డు దగ్గరికి చేరేవాళ్లు. అక్కడైతే తడవకుండా కూర్చోవచ్చు. గడ్డం గీసుకున్న ఆయన రోజూ “ఎద్దుగారూ, ఈ రోజు వాతావరణం ఏమిటి?” అని అడిగేవాడు. క్లెమెంట్ రోజూ “వాన” అని ఒక్క మాటలో చెప్పేవాడు. అంత చిన్న పాఠం ఆయన ఎన్నడూ చెప్పలేదు.

ప్రెస్టన్ చేరిన వారంలోనే బండిని షోరూమ్‌కి తీసుకెళ్లారు. ఈసారి ఏం కావాలో ఆవ్రిల్ చెప్పింది. క్లెమెంట్ కాఫీ తాగుతూ కూర్చున్నాడు. మధ్యలో రెండుసార్లు నోరు తెరిచి, రెండుసార్లూ బిస్కెట్ పెట్టుకున్నాడు. కొత్త బండి పక్కకి రంపం పెట్టి గుండ్రంగా కన్నం కోస్తుంటే మాత్రం చూడలేక బయటికి వచ్చి నిలబడ్డాడు.

ఆ ఆదివారం మళ్లీ వాన. ఎక్కడికీ వెళ్లే పని లేదు. అయినా ఆయన ఆగలేకపోయాడు. ఇంటి ముందు నిలిపిన బండికి గరాజ్‌లోంచి కొత్త కేబుల్ లాగి తగిలించాడు. లోపల లైట్లన్నీ వెలిగాయి. ఆవ్రిల్ వచ్చి కెటిల్ పెట్టింది. ఇంట్లో వంటింటి నిండా కెటిల్ పెట్టుకునే చోటుండగా, మొగుడూ పెళ్లాలిద్దరూ ఇంటి గుమ్మానికి నాలుగడుగుల దూరంలో, మోకాళ్లు తగులుకుంటూ కూర్చుని టీ తాగారు. ఎదురింటావిడ కర్టెన్ పక్కకి జరిపి చూసింది. క్లెమెంట్ ఆవిడకి చెయ్యి ఊపాడు.

“ఏమనుకుంటుందో!” అన్నాడు.

“నేను నిన్ను ఇంట్లోంచి గెంటేశాననుకుంటుంది,” అంది ఆవ్రిల్, బిస్కెట్ డబ్బా ఆయన వైపు జరుపుతూ. “నీతో పాటు నన్ను కూడా నేనే గెంటుకున్నానని తెలియదు పాపం.”