పక్కద్దం కింద మచ్చ

అక్కకు కుదురు లేదని ఆ వీధిలో అందరికీ తెలుసు. కార్లు కడిగే షెడ్డు తండ్రి పెట్టింది. ఆయన పోయాక అక్కా తమ్ముడూ కలిసి నడుపుతున్నారు. కౌంటరు దగ్గర తమ్ముడు, నీళ్ళ దగ్గర అక్క. ఆమె కోసమని తమ్ముడు ఏనాడో ఒక ప్లాస్టిక్ కుర్చీ కొని వేశాడు. దాని మీద గుడ్డలు ఆరేయడమే తప్ప ఆమె కూర్చోగా చూసినవాళ్ళు లేరు. కూర్చుంటే ఒళ్ళు బరువెక్కుతుందట. తమ్ముడు ఆమెను చీమ అనేవాడు, అదీ ఆమెకు వినబడేట్టుగానే.

ఆ రోజు కుదురు లేకపోవడానికి కారణం వేరే ఉంది. సాయంత్రం కార్లు కడిగే మెషిన్ల కంపెనీ మనిషి వస్తున్నాడు. షెడ్డు ఇద్దరి పేరు మీదా ఉంది కాబట్టి అక్క సంతకం కూడా కావాలి. సంతకం పడితే వచ్చే నెలకల్లా షెడ్డు మధ్యలో పట్టాలు వేసి, అటూ ఇటూ మనిషెత్తు బ్రష్షులు నిలబెడతారు. కారు ఈ చివర దూరి ఆ చివర తేలుతుంది. ఇక బకెట్లతో పని ఉండదు, అక్కతో అసలే ఉండదు.

వారం రోజులుగా తమ్ముడు ఈ మాట ఎత్తడం, ఆమె అతణ్ణి కడిగి పారేయడం జరుగుతూనే ఉంది. మెషిన్‌కు కళ్ళున్నాయా అని అడిగింది. చక్రాల దగ్గర తిరిగిన బ్రష్షే తలుపుల మీదికీ వస్తే ఇసుకతో గీతలు పడవా అంది. అతను అవుననడు, కాదనడు, నీళ్ళు నములుతాడు. ఆమెకు అదే మంట. ఎదురు తిరిగేవాడితో అయితే పోట్లాడవచ్చు. నీళ్ళు నమిలేవాడితో ఏం పోట్లాడతాం?

అయితే ఆమె దగ్గరా ఒక దాపరికం ఉంది. ఆమె కడిగే తీరు తండ్రి నేర్పిందే. పైకప్పు దగ్గర మొదలుపెట్టి కిందికి రావాలి. చక్రాలకు వేరే బకెట్టు, వేరే గుడ్డ. అన్నీ అయ్యాక వేళ్ళ వెనక వైపుతో కారంతా ఒకసారి తడిమి చూడాలి. అరచెయ్యి కాయలు కాసిపోతుంది, దాన్ని నమ్మకూడదు, వేళ్ళ వెనక వైపు అబద్ధం చెప్పదు అనేవాడు తండ్రి. కంటికి ఆనని తారు చుక్కలు, సబ్బు పొరలు ఆమెకు అక్కడే తగిలేవి. ముప్పై ఏళ్ళు సబ్బునీళ్ళలో నాని ఇప్పుడు ఆ వేళ్ళు మొద్దుబారాయి. ఆరు నెలలు తడి తగలనివ్వొద్దని, అశ్రద్ధ చేస్తే గుప్పిట కూడా పడదని డాక్టరు చెప్పాడు. ఆమె బుద్ధిగా తల ఊపి, షెడ్డుకొచ్చి, ఆ చీటీని షాంపూ డబ్బాల వెనక దాచేసి, రబ్బరు తొడుగులు వేసుకుని పనిలోకి దిగింది. కడగడం అయ్యాక తొడుగులు తీసి తడమడం మాత్రం మానలేదు. వేళ్ళకు ఏమీ తెలియకపోయినా, తెలిసినట్టే తల పంకించి, అయింది అనేది.

ఆ ఉదయం కూడా అలాగే, ఎప్పుడూ వచ్చే హెడ్మిస్ట్రెస్ గారి తెల్ల కారు కడిగి, తడిమి, అయిందని ఓ పక్కన పెట్టించింది. ఆపైన చెయ్యడానికి ఏమీ లేక కాలుకాలిన పిల్లిలా షెడ్డంతా తిరిగింది. ఆరిన గుడ్డలే మళ్ళీ ఉతికింది. గోడ గడియారం వైపు ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. చివరికి షాంపూ అయిపోయింది, తెస్తానని చెప్పి తమ్ముడి పాత కారు తీసుకుంది. నిండు డబ్బాలు రెండున్నాయని ఇద్దరికీ తెలుసు. అతను తాళాలు ఇచ్చాడు.

ఆమె తిన్నగా పెట్రోలు బంకుకు వెళ్ళింది. అక్కడ ఒక మెషిన్ ఉంది. బయటి నుంచి తిట్టడమే గానీ ఆమె ఏనాడూ లోపలికి వెళ్ళి చూడలేదు. ఇవాళ దాని తప్పొకటి పట్టుకుని తమ్ముడి మొహాన కొట్టాలని ఆమె పట్టుదల.

"గేరు న్యూట్రల్లో పెట్టి, అద్దాలు మూసుకుని ఊరికే కూర్చోండమ్మా. నాలుగు నిమిషాలు," అన్నాడు ఆపరేటరు.

ఊరికే కూర్చోవడం ఎంత పనో అతనికేం తెలుసు. కింద పట్టా కదిలి కారును లోపలికి లాక్కుంది. నురగ వచ్చి అద్దాల మీద పడింది. తిప్పే అవసరం లేకపోయినా ఆమె స్టీరింగు పట్టుకునే ఉంది, నొక్కే అవసరం లేని బ్రేకు మీదికి కాలు పోతూనే ఉంది. బ్రష్షులు మీదికి వచ్చేసరికి వాటికి పని చెప్పడం మొదలుపెట్టింది. ఆ మూల చూడు, అంత తొందరేమిటి, హ్యాండిల్ కింద ఎవరు తోముతారు అని. అయితే అవి చేసింది మరీ తీసిపారేసే పనేం కాదు. ముందద్దం తళతళలాడింది. బోనెట్ మీద ఒక్క గీత లేదు. ఆమెకు గుండెల్లో రాయి పడింది.

అప్పుడు కనిపించింది. కుడివైపు పక్కద్దం కింద, బ్రష్షు వంగి దాటిపోయిన చోట, పిట్ట రెట్ట ఎండిన మచ్చ అలాగే ఉంది. ఆమె ప్రాణం లేచి వచ్చింది. దాన్ని అలాగే ఉంచి తీసుకెళ్ళి చూపిస్తే చాలు, గెలుపు ఆమెదే. కానీ మచ్చ చూసి ఊరుకునే చెయ్యి కాదది. ఆమె ఆలోచించేలోపే ఎడమ చెయ్యి అద్దం దించడం, నడుముకు దోపుకున్న గుడ్డ తీసి కుడి చెయ్యి బయటికి పోవడం జరిగిపోయాయి. సరిగ్గా అప్పుడే వెనక్కి వెళ్ళిన బ్రష్షు తిరిగి వచ్చింది.

ఆపరేటరు బటన్ నొక్కి అన్నీ ఆపేసరికి ఆమె తల నుంచి నడుము దాకా నురగే. వెనక క్యూలో హారన్లు మోగాయి. అతను పాపం నవ్వు బిగబట్టి తువ్వాలు అందించాడు.

"లోపల కూర్చుని కూడా కడుగుతారా అమ్మా? ఇక్కడికి వచ్చేదే ఊరికే కూర్చోవడానికి కదా."

ఆమె దిగి పక్కద్దం కింద చూసింది. మచ్చ ఉంది. గుడ్డ దానికి బెత్తెడు పక్కన తిరిగింది. తుడిచానని ఆమె చెయ్యి చెప్పిన చోటికీ, తుడిచిన చోటికీ పొంతన లేదు. అదంతా బ్రష్షు తోసిన తోపుకేనని తనకు తాను నచ్చజెప్పుకుని కారెక్కింది. దారిలో సిగ్నలు దగ్గర ఆగినప్పుడు ఆ మచ్చను తుడవాలని చెయ్యి ఒకటే పీకింది. చేతిని తొడ కింద అదిమి పెట్టుకుని పచ్చ లైటు కోసం చూసింది.

షెడ్డు బయట రోడ్డు మీదే కారు ఆపి, దిగి, తమ్ముణ్ణి కేకెయ్యబోయి ఆగిపోయింది. అతను తెల్ల కారు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. ఆమె పొద్దున అయిందని పెట్టించిన కారు. వేళ్ళ వెనక వైపుతో తలుపు అంచు తడిమాడు, ఆగాడు, గుడ్డ తడిపి అక్కడ రుద్దాడు. మళ్ళీ తడిమాడు. ఆ చేతి తీరు చూస్తే ఇది ఇవాళ్టి పని కాదని ఆమెకు అర్థమైంది.

"ఎప్పటి నుంచి?" అంది.

తమ్ముడు ఉలిక్కిపడి లేచాడు. తడిసి ముద్దయి నిలబడ్డ అక్కను చూసి కూడా ఏమైందని అడగలేదు. నీళ్ళు నములుతాడనుకుంది. నమల్లేదు.

"వానలు తగ్గినప్పటి నుంచి. రోజూ కాదులే అక్కా." తల దించుకున్నాడు. "రోజూనే. షాంపూ తీస్తుంటే డాక్టరు చీటీ దొరికింది. నువ్వే చెబుతావని చూశాను, చెప్పలేదు. నీ చేత బకెట్టు వదిలించాలంటే షెడ్డులో బకెట్టే లేకుండా చెయ్యాలి. నాకు ఇంకో దారి తోచలేదు."

ఆమెకు ముందు ఒళ్ళు మండింది. తర్వాత సిగ్గేసింది. ఇన్ని నెలలూ హెడ్మిస్ట్రెస్ గారు, మీ చేతిలో ఏదో ఉందమ్మా అన్న ప్రతిసారీ ఆమె తలెత్తుకుని నిలబడింది. ఆ చెయ్యి వీడిది. వీడు కౌంటరు వెనక నిలబడి ఆ పొగడ్త విని కూడా నోరు మెదపలేదు.

"ఇంకా ఎక్కడెక్కడ మురికి ఉంది?" అని అడిగింది.

అతను గుడ్డతో చూపించాడు. "తలుపు కింద రెండు చోట్ల. డిక్కీ మూత దగ్గర ఒకటి."

ఆమె కాళ్ళు అలవాటుగా రెండడుగులు ముందుకు వేశాయి. అక్కడే ఆగి, వెనక్కి తిరిగి, కుర్చీ మీది గుడ్డలన్నీ తీసి కౌంటరు మీద పడేసి, కూర్చుంది. మోకాళ్ళు మాత్రం ఆడుతూనే ఉన్నాయి. తమ్ముడు గుడ్డ చేతిలో పట్టుకుని అలాగే చూస్తున్నాడు.

"ఆ మెషినతన్ని రమ్మను, సంతకం పెడతాను," అంది. "బయటికి వచ్చిన ప్రతి బండినీ చివర్లో నువ్వు తడమాలి. నాన్న నేర్పినట్టే. నేను ఇక్కణ్ణుంచి కళ్ళతో చూసి చెబుతాను."

"సరే అక్కా."

"ముందు నీ కారు చూసుకో. పక్కద్దం కింద మచ్చ ఉంది. మెషిన్‌కి అక్కడ అందలేదు." ఆమె తన వేళ్ళు ఒకసారి చూసుకుని ఒళ్ళో పెట్టుకుంది. "నాకూ అందలేదు."

తమ్ముడు గుడ్డ తడుపుకుని రోడ్డు మీదికి వెళ్ళాడు. అతను తుడిచి, తడిమి, మళ్ళీ తుడిచేదాకా ఆమె కుర్చీలోంచి లేవలేదు.