భుజాల గీతకు పైన

మార్చి పదకొండు, బుధవారం, సాయంత్రం ఐదు గంటలు. రగ్బీ సంఘం క్రమశిక్షణ సమావేశానికి హాజరైనవారు: అధ్యక్షుడు (పదవీ విరమణ చేసిన సర్వేయరు); సభ్యురాలు (దంతవైద్యురాలు); రెఫరీ (వృత్తిరీత్యా లెక్కల మాస్టారు); ముద్దాయి (ముప్ఫయ్యారేళ్ల ప్లంబరు); బాధితుడు (ప్రత్యర్థి జట్టులో ఆడిన, ముద్దాయి సొంత బామ్మర్ది).

అభియోగం సరళమైనది. సెమీఫైనల్లో బంతి పట్టుకుని పరుగెత్తుతున్న బామ్మర్దిని ప్లంబరు ట్యాకిల్ చేసి పడగొట్టాడు. పడగొట్టవచ్చు, ఆట ఉన్నదే అందుకు. అయితే భుజాల గీతకు పైన పట్టరాదు. తలకు గట్టిగా తగిలితే ఎర్రకార్డు, నాలుగు వారాల నిషేధం. పరుగెత్తేవాడు చివరి క్షణంలో హఠాత్తుగా వంగిపోతే మాత్రం పసుపు కార్డుతో సరి; నిషేధం ఉండదు. రెఫరీ ఎర్రకార్డు చూపించాడు. ఫైనల్ ఈ శనివారం. పద్దెనిమిదేళ్లుగా మోకాళ్లు అరగదీసుకున్న ప్లంబరుకు అదే మొదటి ఫైనల్. ఆ మోకాళ్లను చూసిన డాక్టరు లెక్కలో అదే చివరి ఆట.

“నేనే వంగాను సార్,” అన్నాడు బామ్మర్ది. “బావ తప్పేం లేదు.”

“నువ్వు అతని బామ్మర్దివి. నీ సాక్ష్యం చెల్లదు,” అన్నాడు అధ్యక్షుడు.

“అక్కనిచ్చి పదేళ్లయింది సార్. ఈయన్ని ఇరికించే ఛాన్సొస్తే ఊరికే వదులుకుంటానా?”

“ఒరేయ్, ఒక్క మంచిమాట చెప్పి ఆగలేవా?” అన్నాడు ప్లంబరు.

అధ్యక్షుడు ప్రయోగానికి ఆదేశించాడు. బల్లలు గోడవారకు జరిపారు. బంతికి బదులు హాజరుపట్టీ. బామ్మర్ది పరుగెత్తుకొచ్చాడు, బావ భుజం రెండడుగుల దూరంలోకి రాగానే తాబేలులా తల లోపలికి లాక్కుని వంగాడు. రెండోసారీ అంతే. మూడోసారీ అంతే.

“వంగకుండా రావయ్యా!” అన్నాడు అధ్యక్షుడు.

నాలుగోసారి బామ్మర్ది కళ్లు మూసుకుని, పళ్లు బిగించి, నిటారుగా వచ్చాడు. ప్లంబరు భుజం అతని డొక్కలో ఆనింది. ఇద్దరూ వెళ్లి బీరువాకు గుద్దుకున్నారు. అధ్యక్షుడు స్వయంగా టేపు పెట్టి కొలిచాడు: భుజాల గీతకు పదమూడు అంగుళాల కింద. చట్టం దృష్టిలో మచ్చలేని ట్యాకిల్.

వంగితే పసుపు. వంగకపోతే అసలు కార్డే లేదు. ఎర్రకార్డుకు ఆ గదిలో నిలువనీడ కరువైంది.

“ప్రయోగం గచ్చు మీద జరిగింది, ఆట గడ్డి మీద జరిగింది,” అన్నాడు అధ్యక్షుడు. “కనుక ఇది చెల్లదు.”

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనేవాళ్లు లోకంలో చాలామంది. నాలుగో కాలును తానే కొలిచి కూడా ఆ మాట మీద నిలబడటం అందరివల్లా అయ్యే పని కాదు.

రెఫరీ గొంతు సవరించుకున్నాడు. “సార్, మధ్యలో ఇంకో ఆటగాడు అడ్డొచ్చాడు. తగలడం చూశాను, వంగడం చూడలేదు. చూసుంటే పసుపే ఇచ్చేవాణ్ణి.”

“మాస్టారూ, ఇవాళ ఒక కార్డు మారిస్తే రేపు ప్రతివాడూ ఒక బామ్మర్దిని వెంటేసుకొస్తాడు,” అన్నాడు అధ్యక్షుడు.

“అయినా, పీకాక పుచ్చు లేదని తేలితే మాత్రం పన్ను మళ్లీ అతికిస్తామా?” అంది దంతవైద్యురాలు, తన రోగులెవరూ అక్కడ లేరన్న ధైర్యంతో.

“పన్నయితే పోనీ అనుకుందును మేడమ్,” అన్నాడు ప్లంబరు. “నాకు శనివారం ఒక్కటి చాలు.”

రెఫరీ తెల్లకాగితం అడిగి తీసుకున్నాడు. ఫైనల్‌కు విజిల్ ఊదాల్సింది తానే. ఇది రాస్తే ఆ విజిల్ ఇంకొకరి నోట్లోకి వెళుతుందని తెలిసే రాశాడు: ‘బంతి పట్టుకున్న ఆటగాడు వంగడం నేను చూడలేదు. ఎర్రకార్డు నా పొరపాటు.’

అధ్యక్షుడు దాన్ని రెండుసార్లు చదివాడు. “ఇంత నిజాయితీ ఈ రోజుల్లో అరుదు మాస్టారూ.”

“మరి నిషేధం తీసేసినట్టేనా సార్?” ప్లంబరు లేచి నిలబడ్డాడు.

“అదెలా కుదురుతుందయ్యా? ఉత్తర్వు పొద్దునే టైపు చేయించాం. క్లబ్బులన్నిటికీ చేరిపోయింది కూడా.”

“పొద్దునా? విచారణ ఇప్పుడు కదా!” అన్నాడు బామ్మర్ది.

“ఉత్తర్వు వెళ్లాక విచారణ జరిగినట్టు ఉండొద్దూ? అందుకేగా మిమ్మల్ని పిలిచింది.” అధ్యక్షుడు కాగితాన్ని రెఫరీ వైపు జరిపాడు. “కింద సంతకం మరిచారు. ఇలాంటివి ఫైల్లో పెడితే పదిమంది చేతుల్లో నలిగిపోతాయి.”

రెఫరీ సంతకం చేశాడు. అధ్యక్షుడు సిరా ఆరేదాకా ఓపిగ్గా ఆగి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, కోటు లోపలి జేబులో భద్రపరిచాడు.